గాలిలో దాగిన మూలకాలు

మనం పీల్చే ప్రతి శ్వాసతోనూ ఒక వాయువు నూటికి దాదాపు ఒక పాలు లోపలికి వెళ్ళి, ఏ మార్పూ చెందకుండా తిరిగి వెలుపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అది మండదు, మరొకదానిని మండించదు. మన రక్తంతో గాని, ఊపిరితిత్తులతో గాని దానికి ప్రమేయం లేదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉన్నదో, దానికి ఇరవై రెట్లకు పైగా ఈ వాయువు ఉన్నది. అయినప్పటికీ కార్బన్ డయాక్సైడ్‌ను పద్దెనిమిదవ శతాబ్ది మధ్యకాలంలోనే గుర్తించిన రసాయన శాస్త్రజ్ఞులు, ఈ వాయువు ఉనికిని 1894 వరకు కనిపెట్టలేకపోయారు. ప్రపంచమంతా నిండి ఉన్నదానిని ప్రపంచమే గమనించకపోవడం విచిత్రమే. ఆ వాయువు పేరు ఆర్గాన్. దానిని, దాని బంధువర్గాన్ని వెలికితీసి, ఆవర్తన పట్టికలో ఒక నిలువు వరుసనే కొత్తగా చేర్చిన మహనీయుడు విలియం రామ్సే.

రామ్సే 1852 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి ఇంజనీరు. పినతండ్రి ఆండ్రూ రామ్సే భూగర్భశాస్త్రంలో పేరుపొందినవాడు. కుమారుడు మతాచార్యుడు కావాలని తల్లిదండ్రుల కోరిక. కాని బాలుడి మనసు మరొక దిక్కుకు మళ్ళింది. ఫుట్‌బాల్ ఆటలో కాలు విరిగి మంచం పట్టిన రోజుల్లో, బాణసంచా తయారుచేసే విధానం తెలుసుకుందామన్న కుతూహలంతో అతడు గ్రాహం రచించిన రసాయనశాస్త్ర గ్రంథాన్ని చదివాడని చెబుతారు. పద్నాలుగేళ్ళ ప్రాయంలోనే గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు. అనంతరం జర్మనీ వెళ్ళి, ట్యూబింగెన్‌లో ఫిట్టిగ్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన చేసి, ఇరవై ఏళ్ళు నిండకముందే 1872లో డాక్టరేటు పట్టం పొందాడు.

స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత కొంతకాలం గ్లాస్గోలో సహాయకుడిగా పనిచేసి, 1880లో బ్రిస్టల్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. మరుసటి ఏడే ఆ కళాశాలకు అధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరం మార్గరెట్ బుకానన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. 1887లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో రసాయనశాస్త్ర పీఠం ఆయనను వరించింది. పదవీ విరమణ వరకు ఆయన అక్కడే ఉన్నాడు.

ఈ కాలంలో రామ్సే అలవరచుకొన్న ఒక విద్యను గూర్చి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది గాజు ఊదే విద్య. మంటలో ఎర్రబడిన గాజు గొట్టాన్ని నోటితో ఊది, వంచి, అతికి, కావలసిన రూపానికి తీసుకువచ్చే నేర్పు అది. ఆ కాలంలో ప్రయోగశాలకు కావలసిన పరికరాలన్నీ అంగడిలో దొరికేవి కావు. రామ్సే తన పరికరాలను తానే తయారుచేసుకొనేవాడు. వృత్తిగా గాజుపని చేసేవారికి తీసిపోని హస్తకౌశలం ఆయనది. ద్రవాల బాష్పపీడనాల మీద, క్రాంతిక స్థితి మీద బ్రిస్టల్‌లో సిడ్నీ యంగ్‌తో కలిసి ఆయన చేసిన పరిశోధనలు అతిసూక్ష్మమైన కొలతలతో కూడినవి. తరువాతి కాలంలో చిటికెడు వాయువును కూడా చేజారిపోనీయకుండా పట్టి పరీక్షించగలిగాడంటే, దాని వెనుక ఈ ఇరవయ్యేళ్ళ అభ్యాసం ఉన్నది. పుస్తకజ్ఞానం ఎంత ఉన్నా చేతికి పని రానివాడు ఆ వాయువులను పట్టుకోగలిగేవాడు కాడేమో!

ఇక అసలు కథ రామ్సేతో కాక, రేలీ ప్రభువుతో మొదలవుతుంది. రేలీ భౌతికశాస్త్రజ్ఞుడు. టెర్లింగ్ అనే గ్రామంలోని తన భవనంలోనే ప్రయోగశాల నెలకొల్పుకొని, వాయువుల సాంద్రతలను ఎన్నడూ లేనంత ఖచ్చితంగా కొలవడానికి పూనుకొన్నాడు. నైట్రోజన్ వంతు వచ్చేసరికి చిక్కు ఎదురయింది. గాలిలోని ఆక్సిజన్‌ను ఎర్రగా కాల్చిన రాగి మీదుగా పంపి తొలగించగా మిగిలిన నైట్రోజన్ ఒక బరువు తూగింది. గాలిని అమ్మోనియా గుండా పంపి, ఆ తరువాత రాగి మీదుగా పంపితే వచ్చిన నైట్రోజన్ మరొక బరువు తూగింది. భేదం అత్యల్పం. సుమారు వెయ్యింట ఒక వంతు. మరొకడైతే ప్రయోగదోషమని సరిపెట్టుకొని ఊరుకొనేవాడు. రేలీ ఊరుకోలేదు. భేదాన్ని తగ్గించడానికి మారుగా, దానిని పెంచడానికి ప్రయత్నించాడు. రెండవ పద్ధతిలో కొంత నైట్రోజన్ మాత్రమే అమ్మోనియా నుండి వస్తున్నది, మిగిలినది గాలిలోనిదే. గాలికి బదులు శుద్ధమైన ఆక్సిజన్‌ను వాడితే నైట్రోజన్ అంతా అమ్మోనియా నుండే రావాలి. అలా చేసి చూడగా భేదం రెండు వందలలో ఒక వంతుకు పెరిగింది. లీటరు గాలి నైట్రోజన్ 1.257 గ్రాములు, రసాయన పదార్థాల నుండి తీసిన నైట్రోజన్ 1.251 గ్రాములు. అంటే భేదం ఆరు మిల్లీగ్రాములు.

ఈ ఆరు మిల్లీగ్రాముల మీదనే తరువాతి చరిత్ర అంతా నిలిచి ఉన్నది. రేలీ తనకు తోచిన అనుమానాలన్నీ ఒక్కొక్కటే పరీక్షించాడు. తేలికపాటి నైట్రోజన్‌లో హైడ్రోజన్ కలిసి ఉన్నదేమోనని, బరువైన నైట్రోజన్‌లో కావాలని హైడ్రోజన్ కలిపి, తన శుద్ధి విధానం దానిని తొలగించగలదని నిర్ధారించుకొన్నాడు. వాయువు గుండా విద్యుత్తు పంపి చూశాడు. ఎనిమిది నెలలు నిల్వ ఉంచి మళ్ళీ తూచాడు. భేదం చెక్కుచెదరలేదు. 1892లో నేచర్ పత్రికలో లేఖ ప్రకటించి, రసాయన శాస్త్రజ్ఞులను సలహా అడిగాడు. తృప్తికరమైన సమాధానం రాలేదు.

1894 ఏప్రిల్ 19న లండన్ రాయల్ సొసైటీలో రేలీ ఈ విషయమై ఉపన్యసించాడు. శ్రోతలలో రామ్సే ఉన్నాడు. రసాయన పదార్థాల నుండి తీసిన నైట్రోజన్‌లో ఏదో తేలికైన మలినం ఉండవచ్చునని రేలీ మొగ్గు చూపుతుండగా, రామ్సే ఆలోచన తలకిందులుగా సాగింది. గాలి నుండి తీసిన దానిలోనే ఏదో బరువైన కొత్త వాయువు దాగి ఉండవచ్చునని ఆయన ఊహించాడు. రేలీ అనుమతి పొంది, ప్రయోగాలు ఆరంభించాడు.

కాలిన మెగ్నీషియం నైట్రోజన్‌ను పీల్చుకొంటుంది. రామ్సే గాలి నుండి తీసిన నైట్రోజన్‌ను ఎర్రగా కాగిన మెగ్నీషియం మీదుగా ఇటునుండి అటు, అటునుండి ఇటు రోజుల తరబడి నడిపించాడు. వాయువు పరిమాణం తగ్గుతూ వచ్చింది, సాంద్రత మాత్రం పెరుగుతూ వచ్చింది. హైడ్రోజన్‌ను 1గా తీసుకొంటే నైట్రోజన్ సాంద్రత 14. మిగిలిన వాయువు సాంద్రత దాదాపు 20 వద్దకు చేరి నిలిచిపోయింది. దానిని వర్ణపటదర్శినిలో పరీక్షించగా, అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ చెందని ఎర్రని, పచ్చని రేఖలు కనిపించాయి.

అటు టెర్లింగ్‌లో రేలీ మరొక దారిన అదే గమ్యానికి చేరుకొంటున్నాడు. ఆయన ఎంచుకొన్న విధానం నూరేళ్ళ నాటిది. 1785లో హెన్రీ కావెండిష్ గాలికి ఆక్సిజన్ చేర్చి, విద్యుత్ స్ఫులింగాలు పంపి, ఏర్పడిన వాయువులను క్షారంలో కరిగించివేయగా చివరకు చిన్న బుడగ ఒకటి మిగిలిపోయింది. మొత్తం నైట్రోజన్‌లో అది నూట ఇరవయ్యవ వంతుకు మించదని కావెండిష్ వ్రాసి ఉంచాడు. ఆ బుడగే ఆర్గాన్. ఆ నాటి సామాన్య పరికరాలతో ఆయన అంత సమీపానికి రాగలగడం ఆశ్చర్యకరం. అంతకన్నా ఆశ్చర్యకరం, ఆ వాక్యాన్ని చదివినవారెవరూ నూరేళ్ళపాటు దానిని పట్టించుకోకపోవడం.

ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకే వస్తువు కోసం పోటీపడినపుడు ఘనత ఎవరిదన్న వివాదం తలెత్తడం సహజం. సమస్యను కనిపెట్టినవాడు రేలీ. పరిష్కారానికి ముందుగా చేరుకొన్నవాడు రామ్సే. ఆయన ఒంటరిగా ప్రకటించుకొనడానికి అవకాశం లేకపోలేదు. కాని ఇరువురూ ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, కలిసి ప్రకటించడానికి నిశ్చయించుకొన్నారు. 1894 ఆగస్టు 13న ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో వారు కొత్త వాయువును గూర్చి తెలిపారు. ఏ మూలకంతోనూ చేరని ఆ వాయువుకు, గ్రీకు భాషలో సోమరి అనే అర్థం వచ్చే ఆర్గాన్ అనే పేరును ఆ సభాధ్యక్షుడు సూచించాడు. సమగ్రమైన పత్రాన్ని వారు 1895 జనవరి 31న రాయల్ సొసైటీకి సమర్పించారు.

అందరూ వెంటనే ఆమోదించలేదు. గాలిని తరతరాలుగా విశ్లేషించిన రసాయన శాస్త్రజ్ఞులకు, అందులో నూటికొక వంతు తమ కన్ను గప్పిందంటే నమ్మశక్యం కాలేదు. ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్ సైతం, ఇది మూలకం కాదనీ, మూడు నైట్రోజన్ పరమాణువులు కలిసి ఏర్పడిన అణువు కావచ్చుననీ భావించాడు. ఆయన అనుమానానికి కారణం లేకపోలేదు. ఆర్గాన్‌లో ధ్వనివేగాన్ని కొలిచి, దాని రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి సుమారు 1.66 అని రామ్సే, రేలీ లెక్కకట్టారు. నైట్రోజన్ వంటి ద్విపరమాణుక వాయువులకు అది 1.4 మాత్రమే. కాబట్టి ఆర్గాన్ అణువులో ఉన్నది ఒకే పరమాణువు, దాని పరమాణు భారం సుమారు 40. కాని పొటాషియం పరమాణు భారం 39. భారం క్రమంలో అమర్చితే ఆర్గాన్ పొటాషియం తరువాత రావాలి, గుణాలను బట్టి చూస్తే ముందు రావాలి. ఈ చిక్కు 1913లో మోస్లే పరిశోధనల వల్ల, మూలకాల క్రమాన్ని నిర్ణయించేది పరమాణు భారం కాదు, పరమాణు సంఖ్య అని తేలిన తరువాత గాని విడలేదు.

ఆర్గాన్ ఏ మూలకంతోనైనా కలుస్తుందా అని రామ్సే వెతుకుతున్న రోజులవి. బ్రిటిష్ మ్యూజియంలోని ఖనిజశాస్త్రజ్ఞుడు మియర్స్ ఆయనకు ఒక ఉత్తరం వ్రాశాడు. కొన్ని యురేనియం ఖనిజాలను ఆమ్లంతో కాచినపుడు ఒక జడమైన వాయువు వెలువడుతున్నదనీ, అమెరికాలో హిల్లెబ్రాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దానిని నైట్రోజన్‌గా భావించాడనీ అందులోని సారాంశం. అది ఆర్గాన్ అయి ఉంటుందా? రామ్సే క్లీవైట్ అనే ఖనిజాన్ని కొనితెచ్చి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాచి, వెలువడిన వాయువును శుద్ధిచేసి, 1895 మార్చిలో దాని వర్ణపటాన్ని పరిశీలించాడు. ప్రకాశవంతమైన పసుపు రేఖ ఒకటి కనిపించింది. అది సోడియం రేఖ అనుకొన్నాడు. కాని పక్కపక్కన పెట్టి పోల్చి చూడగా ఆ రెండు రేఖలూ ఏకీభవించలేదు. తన పరికరమే చెడిపోయిందేమోనని సందేహించి, దానిని సరిచేసి మళ్ళీ చూశాడు. రేఖ స్థానం మారలేదు. వర్ణపటాల విషయంలో దిట్ట అయిన విలియం క్రూక్స్‌కు నమూనా పంపాడు. మార్చి 23న క్రూక్స్ నుండి సమాధానం వచ్చింది. అది అంతవరకు సూర్యునిలో మాత్రమే ఉన్నదనుకొన్న మూలకపు రేఖ.

ఇక్కడ మన తెలుగు నేలకు సంబంధించిన ఒక ఘట్టాన్ని చెప్పుకోవాలి. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు పియరీ జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. బ్రిటిష్ బృందం ఒకటి కూడా అక్కడే విడిది చేసింది. మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు నిలుపుకొన్నాడు. చంద్రబింబం సూర్యుని పూర్తిగా కప్పివేసిన ఆ కొద్ది నిమిషాలలో, సూర్యుని అంచున ఎగసిన జ్వాలలను వర్ణపటదర్శిని గుండా చూసినవారికి ప్రకాశవంతమైన రేఖలు కానవచ్చాయి. పసుపు రేఖ సోడియం రేఖల సమీపంలో ఉండడం వల్ల అది సోడియం వల్లనే పుట్టినదని చాలామంది తలచారు. జాన్సెన్ ఆ మరునాడే, గ్రహణం లేకపోయినా ఆ జ్వాలలను పరిశీలించే మార్గాన్ని గుంటూరులోనే కనిపెట్టాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా అదే అక్టోబరులో స్వతంత్రంగా ఆ మార్గాన్ని కనుగొన్నాడు. ఆ ఇద్దరి సమాచారమూ ప్యారిస్‌లోని విజ్ఞాన పరిషత్తుకు ఒకే రోజున అందింది. పసుపు రేఖ సోడియంది కాదని గ్రహించి, అది భూమి మీద ఎరుగని మూలకానిదని వాదించినవాడు లాకియర్. సూర్యునికి గ్రీకు పేరైన హీలియోస్ నుండి హీలియం అనే నామం వచ్చింది. హీలియం గుంటూరులో కనుగొనబడిందని మనవారు గర్వంగా చెప్పుకొనడం పరిపాటి. ఖచ్చితంగా చెప్పాలంటే, ఆ కనుగోలుకు దారితీసిన పరిశీలనలలో ముఖ్యమైనవి గుంటూరులో, మచిలీపట్నంలో జరిగాయి. ఆ గౌరవం తక్కువదేమీ కాదు.

ఇరవై ఏడు సంవత్సరాలపాటు చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు లాకియర్ మాటను నమ్మలేదు. సూర్యునిలో ఉన్నదానిని భూమి మీద ఎవరు పట్టి చూపగలరు? రామ్సే ప్రయోగశాలలో ఆ పసుపు కాంతి గాజు గొట్టంలో వెలిగినపుడు లాకియర్ ఇంకా జీవించే ఉన్నాడు. తన మూలకాన్ని కళ్ళారా చూసే భాగ్యం ఆయనకు దక్కింది. అదే సమయంలో స్వీడన్‌లోని ఉప్సాలాలో క్లీవ్, లాంగ్లెట్ అనే శాస్త్రజ్ఞులు సైతం స్వతంత్రంగా క్లీవైట్ నుండి హీలియంను వేరుచేశారు.

హీలియం పరమాణు భారం 4, ఆర్గాన్‌ది 40. ఆవర్తన పట్టికలోని ఇతర కుటుంబాలతో పోల్చి చూస్తే, ఈ రెండింటి నడుమ సుమారు 20 పరమాణు భారం గల మూలకం ఒకటి ఉండి తీరాలి. 1897లో కెనడాలోని టొరంటోలో జరిగిన సభలో రామ్సే ఇంకా ఎవరూ కనుగొనని ఈ వాయువును గూర్చియే ఉపన్యసించాడు. అంతకుముందు ఆయన ఎన్నో ఖనిజాలను కాల్చాడు, ఉల్కాశిలలను కాల్చాడు, వేడినీటి ఊటల నుండి వెలువడే వాయువులను పరీక్షించాడు. ఫలితం శూన్యం. వెదకవలసిన చోటు అవేవీ కావు, మళ్ళీ గాలియే.

అప్పటికి గాలిని పెద్దమొత్తంలో ద్రవీకరించే యంత్రాలు వచ్చాయి. హాంప్సన్ అనే యంత్ర నిర్మాత 1898 మే నెలలో రామ్సేకు కొద్దిగా ద్రవ వాయువును సమకూర్చాడు. యువ సహాయకుడైన మోరిస్ ట్రావర్స్‌తో కలిసి రామ్సే దానిని మెల్లగా ఆవిరి కానిచ్చాడు. వేర్వేరు ద్రవాలు వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద మరుగుతాయి గదా! తేలికగా ఆవిరయ్యేవి ముందుగా పోగా, బరువైనవి చివరి చుక్కలలో మిగులుతాయి. ఆ చివరి చుక్కల నుండి ఆక్సిజన్, నైట్రోజన్‌లను తొలగించి మే 30న వర్ణపటాన్ని చూడగా, అంతకుముందెన్నడూ చూడని పసుపు, పచ్చ రేఖలు మెరిశాయి. వారు వెదుకుతున్నది తేలికైన వాయువు, దొరికినది బరువైనది! దానికి క్రిప్టాన్, అనగా దాగి ఉన్నది, అని పేరు పెట్టారు.

ఆ తరువాతి పని వ్యతిరేక దిశలో సాగింది. ఆర్గాన్‌ను ద్రవీకరించి, ముందుగా ఆవిరయ్యే భాగాన్ని పట్టారు. జూన్ నెలలో ఒకనాడు ఆ వాయువును గొట్టంలో నింపి విద్యుత్తు పంపగానే గది అంతా సింధూర వర్ణపు వెలుగుతో నిండిపోయింది. వర్ణపటదర్శినితో పరీక్షించవలసిన అవసరమే లేకపోయింది. అంతటి తీవ్రమైన ఎర్రని కాంతిని ఏ వాయువూ అంతవరకు ఇచ్చి ఉండలేదు. కొత్తది అనే అర్థం వచ్చేలా పేరు పెట్టమని రామ్సే పదమూడేళ్ళ కుమారుడు లాటిన్ మాటను సూచించగా, తండ్రి దానిని గ్రీకులోకి మార్చి నియాన్ అన్నాడు. టొరంటోలో ప్రస్తావించిన వాయువు ఇదే. జూలైలో క్రిప్టాన్‌ను మళ్ళీ మళ్ళీ ఆవిరిచేసి చూడగా మరింత బరువైన, నీలి కాంతి వెలిగించే వాయువు తేలింది. దానికి క్సెనాన్, అంటే అపరిచితుడు, అని నామకరణం చేశారు. రెండు నెలలలోపల మూడు మూలకాలు! గాలిలో నియాన్ పదిలక్షల భాగాలలో 18 భాగాలు, క్రిప్టాన్ ఒక భాగం ఉన్నాయి. క్సెనాన్ కోటి భాగాలలో ఒక భాగమైనా పూర్తిగా లేదు. గాజు ఊదడంలో రామ్సేకు గల నేర్పు ఎందుకు అవసరమైందో దీనిని బట్టి ఊహించవచ్చు. నియాన్‌ను హీలియం నుండి పూర్తిగా వేరు చేయడానికి ద్రవ హైడ్రోజన్ కావలసివచ్చింది. ట్రావర్స్ స్వయంగా అందుకు తగిన యంత్రాన్ని తయారుచేసి ఆ పనిని నెరవేర్చాడు.

యురేనియం ఖనిజంలో హీలియం ఎందుకున్నది? ఈ ప్రశ్నకు సమాధానం కూడా కొంతవరకు రామ్సే ప్రయోగశాల నుండే వచ్చింది. 1903లో ఫ్రెడరిక్ సాడీతో కలిసి ఆయన రేడియం లవణం నుండి హీలియం అదే పనిగా పుట్టుకువస్తున్నదని నిరూపించాడు. ఒక మూలకం నుండి మరొక మూలకం జన్మించడం ఆ కాలపు రసాయన శాస్త్రానికి పెద్ద విప్లవం. రేడియోధార్మిక పదార్థాలు వెలువరించే ఆల్ఫా కణాలు హీలియం కేంద్రకాలేనని తరువాత రూథర్‌ఫర్డ్ నిర్ధారించాడు. ఖనిజం లోపల యుగాల తరబడి అలా పుట్టిన హీలియమే రాతిలో చిక్కుకొని, క్లీవైట్‌ను కాచినపుడు బయటికి వచ్చింది. 1910లో రామ్సే, విట్లా గ్రే అనే శిష్యునితో కలిసి, రేడియం నుండి వెలువడే వాయువును తూచాడు. వారి చేతికి దొరికినది ఘన మిల్లీమీటరులో పదవ వంతు కూడా లేదు. అంత స్వల్ప పదార్థాన్ని తూచడానికి వారు అతి సున్నితమైన త్రాసును నిర్మించుకొన్నారు. ఈ వాయువే ఈనాడు రేడాన్ అని పిలువబడుతున్నది. దీనితో ఆ కుటుంబంలో ఆరవ సభ్యుని స్థానం కూడా స్థిరపడింది.

1904లో రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అదే సంవత్సరం రేలీకి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆరు మిల్లీగ్రాముల భేదం ఇద్దరినీ రెండు వేర్వేరు శాస్త్రాలలో అత్యున్నత పీఠాలకు చేర్చింది. అంతకుముందే, 1902లో, రామ్సేకు సర్ బిరుదం లభించింది.

భారతదేశంతో రామ్సేకు ప్రత్యక్ష సంబంధం కూడా ఉన్నది. ఉన్నత పరిశోధనకై ఒక సంస్థను నెలకొల్పాలని సంకల్పించిన జంషెడ్జీ టాటా కోరికపై, రామ్సే 1900 చివరలో మన దేశానికి వచ్చి, అనేక నగరాలను చూసి, అటువంటి సంస్థకు బెంగుళూరు అనువైనదని సూచించాడు. టాటా 1904లో మరణించినప్పటికీ ఆయన సంకల్పం ఆగిపోలేదు. మైసూరు సంస్థానం స్థలాన్ని దానం చేసింది. 1909లో భారత విజ్ఞాన సంస్థ ఏర్పడింది. దానికి తొలి డైరెక్టరుగా వచ్చినవాడు, రామ్సేతో కలిసి క్రిప్టాన్, నియాన్, క్సెనాన్‌లను కనుగొన్న ట్రావర్సే.

రామ్సే జీవితంలో అన్నీ విజయాలే అని చెప్పడం సత్యదూరం. రేడియోధార్మికత మీది మోజుతో ఆయన 1907లో, రేడియం వాయువు ప్రభావం వల్ల రాగి నుండి లిథియం పుట్టిందని ప్రకటించాడు. మరుసటి ఏడు మేరీ క్యూరీ, ఎలెన్ గ్లెడిట్ష్ గాజుపాత్రలకు బదులు ప్లాటినం పాత్రలలో ఆ ప్రయోగాన్ని చేసి చూడగా లిథియం జాడ కనిపించలేదు. గాజులోనే లిథియం ఉంటుంది. గాజును అంతగా ఎరిగినవాడు గాజు వల్లనే మోసపోవడం విధి వైపరీత్యం. అలాగే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమయిన తరువాత, తనకు విద్య గరపిన జర్మనీ దేశపు విజ్ఞానాన్ని చులకన చేస్తూ ఆయన వ్రాసిన వ్రాతలు ఆయన స్థాయికి తగినవి కావు. ఆ ఆవేశం ఆ నాడు రెండు పక్షాల పండితులలోనూ ఉన్నమాట నిజమే.

ముక్కులో పుట్టిన కాన్సరు వ్యాధితో బాధపడి, 1916 జూలై 23న బకింగ్‌హామ్‌షైర్‌లోని తన నివాసంలో రామ్సే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై మూడు సంవత్సరాలు. యాదృచ్ఛికంగా అదే సంవత్సరం అమెరికాలో లూయిస్, జర్మనీలో కోసెల్ పరమాణువుల బంధాలను గూర్చి తమ సిద్ధాంతాలు ప్రకటించారు. రామ్సే కనుగొన్న వాయువులు ఎందుకు సోమరులో వాటి వల్ల బోధపడింది. హీలియంలో రెండు, మిగిలినవాటిలో బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉంటాయి. అది నిండుకుండ వంటి స్థితి. ఇచ్చుకోవలసినదీ లేదు, పుచ్చుకోవలసినదీ లేదు. ఇతర మూలకాలు ఒకదానితో ఒకటి కలియడం కూడా ఇటువంటి స్థితిని పొందడానికేనని ఆ సిద్ధాంతాల సారం.

ఈ వాయువులకు మొదట జడవాయువులని పేరు. ఆర్గాన్ కనుగొన్న తొలి రోజులలోనే రామ్సే ప్యారిస్‌లోని మోయిసాన్‌కు కొంత ఆర్గాన్‌ను పంపాడు. మూలకాలన్నింటిలో అత్యంత చురుకైన ఫ్లోరిన్‌తో మోయిసాన్ దానిని కలపజూచాడు, ఏమీ జరగలేదు. దాంతో ఇవి దేనితోనూ కలియవన్న నమ్మకం బలపడి, పాఠ్యగ్రంథాలలో స్థిరపడిపోయింది. 1962లో కెనడాలో పనిచేస్తున్న నీల్ బార్ట్‌లెట్, ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుండే ఎలక్ట్రాన్‌ను లాగివేయగలదని గమనించాడు. క్సెనాన్ నుండి ఎలక్ట్రాన్‌ను తీయడానికి కావలసిన శక్తి కూడా దాదాపు అంతే. అయితే క్సెనాన్‌తో మాత్రం ఎందుకు జరగదు? ఎర్రని ఆవిరిని, రంగులేని క్సెనాన్‌ను కలిపిన క్షణంలోనే పసుపు నారింజ రంగు ఘనపదార్థం ఏర్పడింది. అది మొదలు జడవాయువులన్న పేరు పోయి, ఉత్కృష్ట వాయువులన్న పేరు పాఠ్యగ్రంథాలలో ప్రచారంలోకి వచ్చింది. క్రిప్టాన్ సమ్మేళనాలను కూడా తయారుచేశారు. సోమరి అన్న పేరు మోసిన ఆర్గాన్ మాత్రం చాలాకాలం లొంగలేదు. 2000లో ఫిన్లండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, నీటిని గడ్డకట్టించే చలికన్నా రెండు వందల డిగ్రీలకు పైగా తక్కువ ఉష్ణోగ్రత వద్ద, ఆర్గాన్, హైడ్రోజన్, ఫ్లోరిన్‌లు కలిసిన సమ్మేళనాన్ని తయారుచేశారు. వేడి కాస్త పెరగగానే అది విడిపోయి, ఆర్గాన్ మళ్ళీ ఒంటరి అయింది.